నురగ రాని సీసా

మంగళవారం పొద్దున ఎనిమిదీ పది నిమిషాలకు ల్యాబ్‌లోని ప్రింటర్ ఒక కాగితాన్ని బయటికి తోసింది. డాక్టర్ నిర్మలాదేవి కళ్ళజోడు సర్దుకుని చదివింది. మళ్ళీ ఇంకోసారి చదివింది. ఆ తర్వాత యాభై రెండేళ్ళ ఆ పెద్ద డాక్టరు, చెప్పులు ల్యాబ్‌లోనే వదిలేసి వరండాలోకి పరుగెత్తుకొచ్చింది.

"నిల్! ముప్పయ్యో రోజు కూడా ప్రోటీన్ నిల్!"

నర్సులు చప్పట్లు కొట్టారు. ఎవరో మైసూర్‌పాక్ డబ్బా విప్పారు. పాల్వంచ దాటి భద్రాచలం దారిలో, అడవిని ఆనుకుని ఉన్న ఆ పరిశోధనా ఆసుపత్రిలో సరిగ్గా నెల కిందట మొండయ్యకు పంది కిడ్నీ అమర్చారు. మొండయ్య ఇల్లందు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మూత్రంలో ప్రోటీన్ కనిపించడం మొదలైతే ఆ కిడ్నీ దెబ్బతింటున్నట్టే లెక్క. నెల గడిచింది, కనిపించలేదు.

వరండా చివర బెంచీ మీద హెప్సిబా టిఫిన్ డబ్బా తెరుచుకుని కూర్చుంది. ఖమ్మంలో ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్న ఆమెకు పెళ్ళై ఇరవై ఆరు రోజులు. ఉప్మాలో జీడిపప్పులన్నీ ఒక పక్కకు చేర్చి గుండె ఆకారంలో పేర్చి పంపాడు భర్త షాలేమ్‌రాజు. గుండెకు ఒక పక్క కాస్త వాచినట్టుంది. అది చూసి ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే తలెత్తింది. అప్పుడు కనిపించింది, ఎదురుగా వార్డు గుమ్మంలో నిలబడ్డ ఉప్పలమ్మ.

ఉప్పలమ్మ మొండయ్య భార్య. అంత మంచి కబురు విని కూడా ఆమె నవ్వలేదు. తలుపు చెక్కను గట్టిగా పట్టుకుని, డాక్టరు చేతిలోని కాగితం వైపే చూస్తోంది.

హెప్సిబా డబ్బా మూసేసింది.

ఆమెను డాక్టరు పిలిపించింది ఈ సంబరానికి కాదు. కిడ్నీని కాపాడే ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో ఆరు ఉండాలి. నిన్న లెక్క చూస్తే ఐదే ఉన్నాయి.

* * *

"దొంగ దొరికిండు మేడమ్. మీరు ఉత్తగనే ఖమ్మం నుంచి వచ్చిన్రు" అన్నాడు సంపత్.

ఆసుపత్రి సెక్యూరిటీ మొత్తం సంపత్ చేతిలో ఉంటుంది. ఇరవై ఏళ్ళు పోలీసు యూనిఫాం వేసుకుని మానేసినవాడు. మీసం మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టుంది. గార్డు గదిలో మూలకు స్టూలు మీద జంపయ్య కూర్చుని ఉన్నాడు. చర్ల వైపు కోయగూడెం నుంచి వచ్చిన ఆ డ్రైవరు, మందులుండే ఐస్ డబ్బాలు తెచ్చే పని చేస్తాడు.

"రుజువేంది?" అడిగింది హెప్సిబా.

సంపత్ ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. "పోయిన బుధారం, మధ్యాహ్నం ఒకటీ పది. ఫ్రిజ్ రూము తలుపు ఈని కార్డుతోనే తెరుచుకున్నది. కంప్యూటర్ చెప్తున్నది, నేను కాదు."

హెప్సిబా స్టూలు దగ్గరికి వంగింది. "అన్నా, పోయిన బుధవారం మధ్యాహ్నం ఎక్కడున్నవ్?"

"బుధారం గద మేడమ్. టేషనుకు పోయిన. ప్రతి బుధారం పోత. కొత్తగూడెంల రైలు దిగినంక డబ్బా తీసుకొని..."

"మనిషి టేషన్ల ఉంటే కార్డు ఈడెట్ల తెరిచింది రా?" సంపత్ అందుకున్నాడు.

"కార్డు నేను..."

"నోర్మూయ్!" సంపత్ చెయ్యి బల్ల మీద పడింది. జంపయ్య నోరు మూశాడు.

జంపయ్య ఏదో చెప్పబోయాడు, సంపత్ దాన్ని సగంలో తుంచేశాడు. ఆ సగం మాట ఏమిటో హెప్సిబాకు కావాలి. కానీ ఇక్కడ అడిగితే రాదు.

"ఫ్రిజ్ రూము చూపించండి" అంది.

"చూసేది ఏమున్నది? పెండ్లయి నెల కాలేదంట గదా. ఇంట్ల ఉండక, గీ ఉచ్చ సీసాలు, మందు సీసాల ఎంబడి తిరుగుడేంది మేడమ్?"

"మా ఆయనకు వంట వచ్చు సార్. అందుకే నాకు తీరిక. మీ ఇంట్ల ఎవరికీ రాదా, పొద్దుగాల్నే ఇంత కారంగ ఉన్నరు?"

స్టూలు మీద జంపయ్య పెదవి కొద్దిగా కదిలింది. సంపత్ మొహం గడ్డకట్టింది.

* * *

ఫ్రిజ్ గది పది అడుగుల గది. కిటికీ లేదు. మిషన్ మోత తప్ప ఇంకో చప్పుడు లేదు. లోపలి చలి చేతుల మీది వెంట్రుకలను లేపుతోంది. నిర్మలాదేవి కూడా వచ్చింది, పెదవి మీద మైసూర్‌పాక్ పొడితో. సంపత్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఈ మందు ఏం చేస్తుంది డాక్టరుగారూ? నాకు అర్థమయ్యేట్టు చెప్పండి."

"కిడ్నీ ఒక జల్లెడ అనుకో. మురికిని వదిలి, ప్రోటీన్‌ను ఒంట్లో నిలుపుతుంది. పంది కిడ్నీ పెడితే మన రక్తంలోని కణాలు అది పరాయిదని గుర్తుపట్టి ఆ జల్లెడ కన్నాలను పాడుచేస్తాయి. అప్పుడు ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతుంది, ఒళ్ళంతా నీరు పడుతుంది. ఈ ఇంజెక్షన్ ఆ కణాలను అడ్డుకుంటుంది. ప్రతి గురువారం పదింటికి రెండు సీసాలు."

"ఇప్పుడు రిపోర్టు బాగుంది కాబట్టి?"

"ఈ గురువారం నుంచి ఒక్కటే. పై వారం ఇంటికి పంపేస్తాం."

హెప్సిబా నేల మీద మోకాళ్ళూని ఫోన్ లైటు ఫ్రిజ్ కిందికి వేసింది. దుమ్ములో ఒక అల్యూమినియం మూత, వేలిగోరంత గాజు ముక్క ఉన్నాయి. ముక్కకు లేబులు అంటుకుని ఉంది. దాని అంచు కత్తెరతో కోసినట్టు వంకరగా ఉంది. ఫ్యాక్టరీ లేబులుకు ఆ వంకర ఉండదు.

లేచి ఫ్రిజ్ తలుపు తెరిచింది. ఐదు సీసాలు వరసగా ఉన్నాయి. ముందున్న దాన్ని తీసి వెలుతురుకు పట్టి ఊపింది.

"అయ్యో, ఊపకు! ప్రోటీన్ మందు అది, నురగొస్తుంది" అని నిర్మలాదేవి చెయ్యి చాచింది.

చాచిన చెయ్యి గాల్లోనే ఆగింది. సీసాలో నురగ రాలేదు. నాలుగు బుడగలు లేచి, మంచినీళ్ళలో లాగే చిట్లిపోయాయి.

"రెండోది మీరే ఊపండి."

డాక్టరు రెండో సీసాను మెల్లగా కదిపింది. సీసా మెడ దగ్గర తెల్లటి నురగ ఉంగరంలా నిలబడింది. మూడోది, నాలుగోది, ఐదోది కూడా అంతే.

"మొదటి దాంట్లో ఏముంది?" గొంతు తగ్గించి అడిగింది డాక్టరు.

"మీరే చెప్పాలి. ఉప్పునీళ్ళు కావచ్చు. గురువారం సూది ఇచ్చేటప్పుడు సీసాలు ఎక్కణ్నుంచి తీస్తారు?"

"ముందు వరస నుంచే. పాతవి ముందు వాడాలి కదా."

"అంటే దొంగ అసలువి పట్టుకుపోయి, నకిలీలు ముందు వరసలో పెట్టాడు. పెట్టేటప్పుడు ఒకటి చేజారి పగిలింది. అందుకే లెక్కలో ఒకటి తక్కువ. పగలకపోతే మనకు ఈ సంగతే తెలిసేది కాదు. పోయిన గురువారం మొండయ్యకు ఎక్కినవి కూడా ఈ వరసలోవే."

గుమ్మంలోంచి సంపత్ నవ్వాడు. "అయితే ఇంకేంది మేడమ్? ఉప్పునీళ్ళతోనే ప్రోటీన్ నిల్ వచ్చింది. ముసలాయన గట్టోడు. దొంగ జంపయ్య. కేసు ఖతం."

నిర్మలాదేవి కళ్ళలో ఒక్క క్షణం ఆశ మెరిసింది. మందు అక్కర్లేకుండానే కిడ్నీ నిలబడిందా? అలాంటి కబురు వినాలని ఏ డాక్టరుకుండదు?

"మందు లేదు, రోగం లేదు" అని హెప్సిబా తనలో తాను అనుకున్నట్టుగా అంది. "డాక్టరుగారూ, మీరు ఢిల్లీ నుంచి ఎప్పుడొచ్చారు?"

"నిన్న సాయంత్రం. పదకొండు రోజులైంది ఇక్కడ లేక."

"మొండయ్యను కళ్ళారా చూశారా?"

పొద్దుటి నుంచి నిర్మలాదేవి చూసింది కాగితాన్నే.

ఫ్రిజ్ పక్కన, లోపలి ఉష్ణోగ్రతను గంటగంటకూ గీతగా గీసే కాగితపు పట్టీ వేలాడుతోంది. పోతూ పోతూ హెప్సిబా దాన్ని ఫోటో తీసుకుంది.

* * *

"రా డాక్టరమ్మా! సూడు, ఎట్ల ఒళ్ళు చేసిన్నో!" మంచం మీది నుంచి మొండయ్య చెయ్యెత్తాడు. కళ్ళ కింద సంచులు నిండుగా ఉబ్బి ఉన్నాయి. "మా ఇంటిది జొన్న గటక పెట్టి పెట్టి పెండ్లికొడుకును చేసింది. చెప్పులు గూడ పట్టవాయె!"

మంచానికి వేలాడే అట్ట మీద బరువు రాసి ఉంది. తొమ్మిది రోజుల కింద యాభై ఎనిమిది కిలోలు. ఇవాళ అరవై నాలుగు. పక్కన ఎవరో "ఆకలి బాగుంది" అని రాశారు.

నిర్మలాదేవి ఆయన పాదం మీద బొటనవేలితో నొక్కి చెయ్యి తీసింది. గుంట పడింది. ఆమె మనసులో ఐదు లెక్కపెట్టింది. గుంట పూడలేదు. రెండో పాదం కూడా నొక్కి చూసింది, అదీ అంతే.

హెప్సిబా ఉప్పలమ్మ భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకొచ్చింది.

"పెద్దమ్మా, ఇరవై నాలుగు గంటల ఉచ్చ ఆ డబ్బాల పట్టేది ఎవరు?"

"నేనే బిడ్డా. నర్సమ్మలకెందుకు కష్టం అని."

"ఎన్నింటికి ఇస్తవు?"

"పొద్దుగాల ఆరింటికి."

"అది ఎవరిది?"

"ఎవరిదేంది? మా ఆయనదే."

"పెద్దయ్య ఒంట్ల ఆరు కిలోల నీళ్ళు నిలిచినయి. ఉచ్చల ఏమీ లేదని కాగితం చెప్తున్నది. రెండూ నిజం కాలేవు పెద్దమ్మా. ఒంటి మీది వాపు అబద్ధం చెప్పదు."

ఉప్పలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె గొంతులో ఏడుపు కంటే మొండితనమే ఎక్కువ వినిపించింది.

"నాదే."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్త బిడ్డా? బాయి మీద ఉన్నప్పుడు మెడికల్ పరీచ్చ వస్తే, షుగరున్నోడు లేనోని ఉచ్చ చిన్న సీసాల పట్టి మొలకు చెక్కుకొని పోయేటోడు. అన్‌ఫిట్ అని రాస్తే నౌకరి పోతది గదా. మా ఆయనకు షుగరు లేకుండె. ఎంత మంది మా గడపల నిలవడి అడిగి పట్టుకపోయిన్రో! ఒక్కని గూడ కాదనలే. నౌకర్లు నిలవెట్టిన ఉచ్చ బిడ్డా అది." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఈడ గూడ గంతే అనుకున్న. రిపోటు ఖరాబొస్తే అన్‌ఫిట్ అంటరు. కిడ్నీ గుంజుకొని ఇంటికి తోలుతరు. మళ్ళ వారానికి మూడుసార్లు ఆ రక్తం కడిగే మిషన్ కాడికి తీసుకపోవుడు నాతోని కాదు. ఆ మిషన్ మీద ఆయన సగం సచ్చిండు."

హెప్సిబాకు ఆమెను తిట్టబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళు ఎందరి పొయ్యినో ఆరకుండా కాపాడిన ఉపాయం అది. ఇక్కడ అదే మొగుణ్ణి చంపుతోందని ఆ మనిషికి ఎవరు చెప్పారు?

"ఏ రోజు మొదలుపెట్టినవ్? బాగ గుర్తు తెచ్చుకో."

"ఆదివారం. ఈ మొన్న ఆదివారం గాదు, దాని ముందటిది. టీవీల ప్రార్థన వస్తుండె. డబ్బాల పోస్తే సబ్బు కలిపినట్టు నురగే నురగ. నా పానం జల్లుమన్నది. గప్పుడే పారవోసి నాది పట్టిన."

తొమ్మిది రోజులు. హెప్సిబా వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టింది. ఆ ఆదివారానికి మూడు రోజుల ముందు గురువారం. గురువారానికి ముందు రోజు బుధవారం.

ఫోన్ తీసి ఇందాకటి ఫోటో పెద్దది చేసింది. రెండు వారాలూ నాలుగు డిగ్రీల మీద సాఫీగా నడిచిన గీత, రెండుచోట్ల మాత్రం తొమ్మిదికి ఎగిరింది. పదమూడు రోజుల కిందటి బుధవారం ఒకటీ పది. ఆరు రోజుల కిందటి బుధవారం ఒకటీ పది. తలుపు తెరిచి, తీరిగ్గా సీసాలు మార్చినంత సేపు.

సంపత్ చూపించిన కాగితంలో రెండోదే ఉంది. మొదటిది లేదు.

లోపలి నుంచి నిర్మలాదేవి వచ్చింది. చేతిలో పరీక్ష పట్టీ. ఇప్పుడే తన ఎదురుగా మొండయ్య చేత పట్టించిన మూత్రంలో ముంచింది. పసుపుగా ఉండాల్సిన గడి ముదురాకుపచ్చ అయిపోయింది.

"ఇంత ఎక్కువ నేను పుస్తకాల్లో కూడా చూడలేదు" అంది.

ఉప్పలమ్మ ఆ రంగును చూసింది. రంగు అర్థం కాలేదు. డాక్టరు మొహం అర్థమైంది.

"కాపాడుకోగలమా?" అడిగింది హెప్సిబా.

"అసలు మందు ఈ గంటలో ఎక్కితే. ఇంకో రెండు రోజులు ఆలస్యమై ఉంటే ఏ మందూ పనిచేసేది కాదు."

* * *

పదకొండూ నలభైకి రెండు నిజమైన సీసాలు మొండయ్య నరంలోకి దిగడం మొదలయ్యాయి. ఆయన నర్సుతో ఇంకా చెప్పుల గురించే జోకులు వేస్తున్నాడు. డాక్టరు హెప్సిబాను తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టింది.

సరిగ్గా అప్పుడే హెప్సిబా ఫోన్ మోగింది. షాలేమ్‌రాజు.

"హెప్సీ, కందిపప్పుకు ఎన్ని విజిల్స్?"

"నాలుగు."

"ఆరొచ్చినయి."

"అయితే ఇవాళ పప్పుచారు చెయ్యి. చేతినిండా పనుంది, పెట్టేస్తున్న." ఆమె గొంతులోని వెచ్చదనం ఫోన్‌తో పాటే ఆరిపోయింది. "డాక్టరుగారూ, బుధవారం డబ్బాలు ఎవరు తెస్తారు?"

"జంపయ్యే. స్టేషన్‌లో సంతకం చేసే అధికారం అతనొక్కడికే ఉంది. అవి ఈ ఇంజెక్షన్లు కావు, వేరే మందులు."

"చీటీలున్నాయా?"

నిర్మలాదేవి ఫైలు తీసింది. రెండు బుధవారాలవీ రెండు చీటీలు. రెండింటి మీదా జంపయ్య సంతకం, పార్సిల్ ఆఫీసు ముద్ర. ఒకదాని మీద ఒంటిగంటా ఐదు, ఇంకోదాని మీద ఒంటిగంటా ఎనిమిది. అక్కడి నుంచి ఇక్కడికి బండి మీద ముప్పావు గంట.

"మరి అతని కార్డు?"

"బయటికెళ్ళేటప్పుడు ఎవరైనా కార్డు గేటు దగ్గర ఇచ్చే వెళ్ళాలి. నేనైనా సరే. సంపత్ పెట్టిన రూలే..." డాక్టరు మాట మధ్యలో ఆగిపోయింది.

"జంపయ్య చెప్పబోయిన సగం మాట అదే" అంది హెప్సిబా. "బుధవారం మధ్యాహ్నం ఒకటీ పదికి జంపయ్య కార్డు సంపత్ సొరుగులో ఉంది."

"కానీ ఎందుకు? ఈ మందు బయట ఎవరికీ పనికిరాదు. బజార్లో అమ్ముడుపోదు. పంది కిడ్నీ ఉన్నవాళ్ళకు తప్ప..."

చెబుతూనే డాక్టరు చేతిలోని ఫైలు బల్ల మీద పెట్టేసింది.

"మీ దగ్గర ఇలాంటి పందులు ఎన్ని?" హెప్సిబా మెల్లగా అడిగింది.

"ఎనిమిది. కాదు, ఏడు. మూడు వారాల కింద ఒకటి న్యుమోనియాతో చచ్చిపోయింది. కాల్చేశారు."

"మీరు చూశారా?"

"రిపోర్టు వచ్చింది. కాల్చినట్టు కింద సంతకం సంపత్..." నిర్మలాదేవి ఆ కాగితం కోసం వెతకలేదు. వెతకాల్సిన అవసరం లేదని ఆమె చేతులకు తెలిసిపోయింది. "హెప్సిబా, ఇది కాపలావాడి పని కాదు. కిడ్నీ మార్చాలంటే సర్జన్ కావాలి, ఆపరేషన్ గది కావాలి, మత్తు ఇచ్చేవాడు కావాలి."

"అన్నీ ఉన్నట్టున్నాయి. మూడు వారాల నుంచి ఈ అడవిలో ఎక్కడో ఇంకో మనిషి ఇంకో పంది కిడ్నీతో మంచం మీద ఉన్నాడు. మొదటి బుధవారం రెండు సీసాలు పోయాయి, రెండు నకిలీలు వచ్చాయి. రెండోసారి నాలుగు పోయాయి. లెక్క చూడండి. పది సీసాలుండేవి. మొదటి గురువారం మొండయ్యకు రెండు నకిలీలు ఎక్కించారు, ఎనిమిది మిగిలాయి. రెండో బుధవారం అందులో నాలుగు తీసి మూడు నకిలీలు పెట్టాడు. వాటిలో రెండు మర్నాడు మొండయ్యకు ఎక్కాయి. ఒకటి ఇవాళ మన చేతికొచ్చింది. ఒక్కసారిగా రెట్టింపు ఎందుకు పట్టుకుపోయాడు?"

నిర్మలాదేవి కుర్చీ చేతులు పట్టుకుంది. "అక్కడ కూడా ప్రోటీన్ కారడం మొదలైంది. వైద్యం చేసేవాడికి ఏం చెయ్యాలో తెలీక మందు పెంచుతున్నాడు."

తలుపు మీద చప్పుడైంది. హెప్సిబా పెదవి మీద వేలు పెట్టి, వెళ్ళి గడియ తీసింది. గుమ్మంలో సంపత్.

"ఏందో మంతనాలు సాగుతున్నయి! దొంగను పోలీసులకు ఇద్దామా, వద్దా?"

"మీరన్నదే నిజమయ్యేట్టుంది సార్" అంది హెప్సిబా, ఓడిపోయిన మొహంతో. "కానీ ఒక్క కాగితంతో కోర్టు ఒప్పుకోదు. వాణ్ణి వదిలేద్దాం. రేపు బుధవారం, మళ్ళ డబ్బా తేవాలె. చెయ్యి మరిగినోడు రేపు గూడ తీస్తడు. అప్పుడు మీరే పట్టుకోండి. పేరంతా మీదే."

సంపత్ ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత మీసం కింద నవ్వు మొలిచింది. "గిప్పుడు దారికొచ్చిన్రు మేడమ్."

అడుగుల చప్పుడు వరండా చివరిదాకా పోయేవరకూ హెప్సిబా కదల్లేదు. మళ్ళీ గడియ పెట్టింది.

"సంపత్ రేపు తీస్తాడంటావా? ఇంత గొడవ జరిగాక కూడా?" డాక్టరు గుసగుసలాడింది.

"తియ్యక తప్పదు. అక్కడి మనిషికి రేపు మందు అందకపోతే పోతాడు. పైగా నింద మోయడానికి జంపయ్య దొరికాడు. మిగిలిన రెండు అసలు సీసాలు మీ సంచిలో పెట్టుకోండి. ఫ్రిజ్‌లో ఉప్పునీళ్ళవి పెడదాం. వాటి పెట్టె అడుగున నా ఫోన్‌కు జాడ చెప్పే బిళ్ళ ఉంటుంది."

"అంటే ఆ మనిషికి వాళ్ళు ఉప్పునీళ్ళు గుచ్చుతారు! ఎవరైనా కానీ, అతనూ రోగే హెప్సిబా."

"అందుకే సంపత్‌ను ఇక్కడ పట్టుకోవడం లేదు. రేపు ఒకటీ పదికి ఆ తలుపు తెరుచుకుంటుంది, మనం ఆపం. అతని బండి గేటు దాటిన రెండు నిమిషాలకు మన బండి కదులుతుంది. మీరు నా పక్క సీట్లో ఉంటారు, మందు సంచి మీ ఒళ్ళో ఉంటుంది. దారి ఎటు పోతుందో, అక్కడ ఎంతమంది ఉన్నారో నాకూ తెలీదు. చేరగానే ముందు ఆ మంచం మీది మనిషికి సూది వేద్దాం. సంకెళ్ళ సంగతి తర్వాత."